చట్టం అడిగిన చదువు ఏదీ?

2025 జూలై 25న సర్వోన్నత న్యాయస్థానం వెలువరించిన తీర్పు దేశంలోని విద్యాసంస్థలన్నింటిపైనా ఒక స్పష్టమైన విధిని మోపింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ ప్రాణాలు కోల్పోయిన ఒక బాలిక విషయంలో న్యాయం కోరుతూ ఆమె తండ్రి సాగించిన పోరాటమే ఆ తీర్పుకు మూలం. దర్యాప్తును సీబీఐకి అప్పగించిన జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం అంతటితో ఆగలేదు. పదిహేను మార్గదర్శకాలను నిర్దేశించి, తగిన శాసనం వచ్చేదాకా అవి దేశమంతటా అమలు కావాలని ప్రకటించింది. నూరుమంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి పాఠశాల, కళాశాల, శిక్షణ కేంద్రం, పిల్లల, కౌమారుల మానసిక ఆరోగ్యంలో తగిన శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో, మనస్తత్వ నిపుణుడినో, సామాజిక కార్యకర్తనో కనీసం ఒక్కరినైనా నియమించి తీరాలన్నది వాటిలో ప్రధానమైనది.

ఆదేశం సముచితమైనది, ఆలస్యంగా వచ్చినా అత్యవసరమైనది. కానీ అది వెలువడిన మరునాడే ఉత్పన్నం కావలసిన ప్రశ్నను రెండు తెలుగు రాష్ట్రాల్లో విద్యకు, వైద్యానికి బాధ్యులైనవారు గట్టిగా వేసుకున్న దాఖలా లేదు. ఆ నిపుణులు ఎక్కడి నుంచి రావాలి? వీధికొక జూనియర్ కళాశాల, పట్టణానికి పది వసతిగృహాలు, నగర శివార్లలో వేలాది పిల్లలను ఒకేచోట కూర్చే కార్పొరేట్ ప్రాంగణాలు ఉన్న ప్రాంతంలో నూరుమంది దాటిన ప్రతి సంస్థకూ ఒక నిపుణుడంటే వేల సంఖ్యలో మనుషులు కావాలి. మానవ ప్రవర్తనను శాస్త్రంగా అభ్యసించిన పట్టభద్రులే ఆ వృత్తులన్నింటికీ ఆధారం. ఆ పట్టభద్రులను తీర్చిదిద్దవలసిన డిగ్రీ చదువును దశాబ్దాలపాటు నిర్లక్ష్యానికి వదిలేసి, ఇప్పుడు నిపుణుల నియామకం గురించి ఉత్తర్వులు రాయడం విత్తు వేయని చేనుకు కోత కూలీలను పంపడమే.

ఈ నిర్లక్ష్యానికి మనం చెల్లిస్తున్న మూల్యం గణాంకాల్లో నమోదై ఉంది. జాతీయ నేర గణాంక సంస్థ లెక్క ప్రకారం 2022 ఒక్క ఏడాదిలో దేశంలో బలవన్మరణాల పాలైన విద్యార్థులు 13,044 మంది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాల్లో దొర్లిన తప్పిదాల నేపథ్యంలో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ వేసవిని మరచిపోయే హక్కు ఈ సమాజానికి లేదు. ఉమ్మడి రాష్ట్రంలో నీరదారెడ్డి కమిటీ, విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో చక్రపాణి కమిటీ ఈ విషాదపు మూలాలను పరిశీలించాయి. కమిటీలు వచ్చినప్పుడల్లా పిల్లల మనసు తెలిసినవారు విద్యాలయాల్లో ఉండాలన్న మాట వినబడుతూనే ఉంది. అలాంటివారిని తయారుచేసే చదువుకు తరగతి గది, ప్రయోగశాల, అధ్యాపకుడు కావాలన్న తదుపరి ఆలోచన మాత్రం ఏ బడ్జెట్ ప్రసంగంలోనూ ప్రాధాన్యం పొందలేదు.

విద్యార్థుల సంగతి ఒక పార్శ్వం మాత్రమే. బెంగళూరులోని నిమ్‌హాన్స్ 2015-16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, వివిధ మానసిక రుగ్మతలతో బాధపడుతున్నవారిలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేల్చింది. పన్నెండు రాష్ట్రాల్లో సాగిన ఆ సర్వేలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. అంటే మన రుగ్మత పరిమాణమెంతో ఆ స్థాయిలో మనకు లెక్క కూడా లేదు. ఇంటింటికీ వెళ్లి, శాస్త్రీయమైన ప్రశ్నావళితో అలాంటి లెక్క తీయగలిగే యువతరం ఈ డిగ్రీ నుంచే రావాలి.

అసలు ఈ డిగ్రీ దేని గురించిన చదువో తోటి పౌరులకు వివరించవలసిన బాధ్యత కూడా ఈ పత్రికపై ఉంది. సైకాలజీ అనగానే ఎదుటివారి మనసులోని మాట కనిపెట్టే విద్య అనో, వేదికలెక్కి చేసే వ్యక్తిత్వ వికాస ప్రసంగమనో భావించేవారు విద్యావంతుల్లోనూ ఉన్నారు. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాల నెలకొల్పిన నాటినుంచి ఇది కొలిచే శాస్త్రం. విద్యార్థి మొదటి ఏడాదిలోనే చేయవలసిన ఒక ప్రయోగాన్ని తీసుకుందాం. కాగితం మీద ఒక నక్షత్రం గీసి ఉంటుంది. కాగితం నేరుగా కనబడకుండా అడ్డు పెడతారు; అద్దంలో కనిపించే ప్రతిబింబాన్ని మాత్రమే చూస్తూ ఆ నక్షత్రపు గీతల వెంట పెన్సిల్ నడపాలి. మొదటిసారి చెయ్యి మొరాయిస్తుంది, తప్పులు లెక్కకు మించుతాయి. ప్రయత్నం వెనుక ప్రయత్నం సాగేకొద్దీ తప్పులు తగ్గుతాయి, కాలం తగ్గుతుంది. కుడిచేతితో నేర్చిన నేర్పు కొంత ఎడమచేతికీ సంక్రమిస్తుంది. ఆ తప్పులను, క్షణాలను పట్టికకెక్కించి రేఖాచిత్రం గీసిన విద్యార్థికి ఒక సత్యం బోధపడుతుంది: అభ్యసన అనేది మందలించి రాబట్టే గుణం కాదు, పరిశీలించి కొలవగలిగే ప్రక్రియ. ఒక తరం ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు ఈ ఒక్క పాఠం అందినా మన వసతిగృహాల్లో బెత్తం చాలావరకు మూలన పడి ఉండేది.

ప్రయోగం వెంట గణాంకశాస్త్రం వస్తుంది. ఇరవై మందిలో కనబడిన భేదం యాదృచ్ఛికమా, యథార్థమా అని తేల్చడం నేర్వనివారు ప్రవర్తనా శాస్త్రం చదివినట్లు కాదు. ఆ వెంటనే నైతిక నియమాలు వస్తాయి. ప్రయోగంలో పాల్గొనేవారి సమ్మతి తీసుకోవడం, వారు చెప్పిన రహస్యాన్ని కాపాడటం, తన శక్తికి మించిన సమస్య ఎదురైతే తగిన వైద్యుడి దగ్గరకు పంపడం డిగ్రీ రోజుల్లోనే అలవడవలసిన క్రమశిక్షణలు. ఈ శాస్త్రం తన తప్పులను తానే బయటపెట్టుకున్న శాస్త్రం కూడా. ప్రసిద్ధ పత్రికల్లో వచ్చిన నూరు అధ్యయనాలను మళ్లీ నిర్వహించి చూసి 2015లో ఫలితాలు ప్రకటించిన ఒక బృహత్ పరిశోధనలో, మూడోవంతుకు కొంచెం మించినవి మాత్రమే మునుపటిలా గణనీయమైన ఫలితాన్నిచ్చాయి. ఆ సంగతి తెలియకుండా పాత పాఠ్యపుస్తకాన్ని వల్లెవేసిన పట్టభద్రుడు సందేహించడం నేర్వలేదు. సందేహించడం నేర్వని కౌన్సెలర్ బాధలో ఉన్నవారికి మేలుకంటే కీడే ఎక్కువ చేయగలడు.

ఇంతటి చదువుకు మన దగ్గర దక్కిన స్థానమేమిటి? ఎంపీసీ, బైపీసీల చట్రంలో రెండేళ్లు గడిపిన తెలుగు విద్యార్థికి ఈ శాస్త్రం పేరు ఎదురయ్యేది, ఎదురైతే, డిగ్రీ ప్రవేశాల దరఖాస్తులోనే. జిల్లా కేంద్రాల్లోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో సైకాలజీ శాఖ ఉన్న చోట్లు అరుదు. హైదరాబాద్‌లోనూ, మరికొన్ని నగరాల్లోనూ ఉన్న కళాశాలల్లో అది ఎక్కువగా ఆంగ్ల మాధ్యమంలో, ఫీజు భరించగలిగినవారికి అందుబాటులో ఉంది. కొన్ని చోట్ల అది మూడు సబ్జెక్టుల కాంబినేషన్‌లో ఒక ఖాళీని పూరించే పేరు మాత్రమే. పూర్తికాలపు అధ్యాపకుడు ఉండడు. గంటకింత అని తీసుకునే గెస్ట్ ఫ్యాకల్టీ ఒక సెమిస్టర్‌లో వస్తారు, మరో సెమిస్టర్‌కు రారు. పరికరాలు బీరువాలో ఉంటాయి. సీనియర్ల రికార్డు జూనియర్ల చేతికి వస్తుంది, అందులోని అంకెలే మళ్లీ మళ్లీ కొత్త అట్టల మధ్య అవతరిస్తాయి. తాను చేయని ప్రయోగానికి తాను కొలవని ఫలితం రాసి మార్కులు తెచ్చుకున్న విద్యార్థికి ఈ వ్యవస్థ నేర్పిన మొదటి పాఠం అసత్యం. ఆ పాపం విద్యార్థిది కాదు. ప్రయోగశాల లేకుండా ప్రాక్టికల్ పరీక్షకు అనుమతించిన విశ్వవిద్యాలయానిది, తనిఖీకి వచ్చి సంతకం చేసి వెళ్లిన బృందానిది.

ఈ దురవస్థకు వారసత్వం లేకపోవడం కారణమనే వీలు లేదు. ప్రయోగాత్మక మనోవిజ్ఞానానికి కలకత్తా విశ్వవిద్యాలయం 1915లోనే ప్రయోగశాల ఏర్పరచి, 1916లో ప్రత్యేక శాఖను ప్రారంభించింది. మన పొరుగున మైసూరు విశ్వవిద్యాలయం 1924లో ఆ పని చేసింది. తెలుగు గడ్డపై ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1967లో ఆచార్య కోనేరు రామకృష్ణారావు సైకాలజీ, పారాసైకాలజీ శాఖను నెలకొల్పారు. పారాసైకాలజీ శాస్త్రమా కాదా అన్నది వేరే వివాదం. మనోవిజ్ఞానంలో ప్రపంచ వేదికపై మాట్లాడగలిగిన తెలుగు పండితుడు ఒక తెలుగు విశ్వవిద్యాలయంలో శాఖను నిర్మించాడన్నది నిర్వివాదం. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనూ, ఉస్మానియాలోనూ సైకాలజీ శాఖలు ఉన్నాయి. శిఖరాన పీజీ, పరిశోధన నిలబడి ఉండగా, వాటికి విద్యార్థులను అందించవలసిన డిగ్రీ స్థాయిని జిల్లాల్లో నిర్మించకపోవడం ఉన్నత విద్యామండళ్ల వైఫల్యం. విశ్వవిద్యాలయాల్లో శాశ్వత అధ్యాపక నియామకాలు దీర్ఘకాలం స్తంభించిపోవడం ప్రభుత్వాల వైఫల్యం. ఒక ఆచార్యుడు పదవీ విరమణ చేస్తే ఆ పోస్టుతోపాటు ఒక ప్రత్యేక పరిజ్ఞానమే ఆ శాఖ నుంచి నిష్క్రమిస్తున్నది.

ఇక్కడ ఒక వైపరీత్యాన్ని ప్రస్తావించక తప్పదు. తెలుగు మాధ్యమంలో మనోవిజ్ఞానం చదివేవారు లేరని ఎవరన్నారు? లక్షల మంది చదువుతున్నారు. ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్‌లో 150 మార్కులకుగాను 30 మార్కులు శిశు వికాసం, పెడగాజీలవే. పావ్‌లోవ్ కుక్క, థార్న్‌డైక్ పిల్లి, స్కిన్నర్ పేటిక, పియాజే దశలు ఆ అభ్యర్థులకు కంఠోపాఠం. అవనిగడ్డ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా కోచింగ్ గదుల్లో ఆ శాస్త్రం బిట్లుగా విడిపోయి, నాలుగు ఐచ్ఛికాల మధ్య ఇరుక్కుని ఉంది. ప్రోత్సాహం శిక్షకంటే మేలైన ఫలితమిస్తుందా అన్న ప్రశ్నకు సరైన జవాబు గుర్తించి ఉద్యోగం పొందిన ఉపాధ్యాయుడు, తరగతిలో ఒక బిడ్డ అకస్మాత్తుగా మౌనం వహిస్తే దానిని గుర్తించే శిక్షణ మాత్రం పొందలేదు. అంత పెద్ద ఆసక్తి, అంత కఠోర శ్రమ మన యువతలో ఉండగా దానిని శాస్త్రాధ్యయనంగా మలచుకోలేకపోయిన పాలకులు, విద్యార్థుల నుంచి గిరాకీ లేదని సాకు చెప్పడం సత్యదూరం. 2020లో ఢిల్లీలోని లేడీ శ్రీరామ్ కళాశాల సైకాలజీ ఆనర్స్‌లో ప్రవేశానికి తొలి కటాఫ్‌ను 100 శాతంగా ప్రకటించింది. శాఖను గౌరవంగా నడిపిన చోట గిరాకీ ఆకాశాన్నంటింది.

నేరుగా కళాశాలకు వెళ్లలేనివారికి దూరవిద్య ఒక ఆసరాగా ఉండేది. ఉద్యోగం చేస్తూ చదువుకునే ఉపాధ్యాయులు, ఇల్లు విడిచి నగరానికి రాలేని మహిళలు, చదువు మధ్యలో ఆగిపోయి మళ్లీ మొదలుపెట్టినవారు ఆ తలుపు గుండానే ఈ శాస్త్రంలోకి ప్రవేశించారు. 2025 జూలై-ఆగస్టు విద్యా సెషన్ నుంచి సైకాలజీతో సహా ఆరోగ్య, అనుబంధ విభాగాల కోర్సులను దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో నిర్వహించరాదని యూజీసీ ఆదేశించింది. ఆ ఆదేశంలోని హేతువును మేము కాదనడం లేదు. మనుషులతో పనిచేసే వృత్తికి మనుషుల మధ్యే శిక్షణ జరగాలి; ప్రయోగశాల ముఖం చూడకుండా పట్టా పొందడం సమ్మతం కాదు. మా అభియోగం వేరే. ఒక మార్గాన్ని మూసే అధికారం ఉన్నవారికి మరో మార్గాన్ని తెరిచే బాధ్యత కూడా ఉంటుంది. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఆవిర్భవించింది హైదరాబాద్‌లోనే. సార్వత్రిక విశ్వవిద్యాలయానికి పుట్టినిల్లయిన ఈ ప్రాంతంలో ఆ తలుపు మూసుకున్న రోజున జిల్లాకొక ప్రభుత్వ కళాశాలలోనైనా రెగ్యులర్ సైకాలజీ శాఖ ప్రారంభిస్తామని రెండు రాష్ట్రాల నుంచి ఒక్క ప్రకటన వచ్చి ఉండాలి. సాయంకాలపు తరగతులు, వారాంతపు ప్రయోగశాలల గురించి ఒక యోచన జరిగి ఉండాలి. నిషేధం వెంటనే అమలులోకి వచ్చింది. ప్రత్యామ్నాయం ఎవరి బల్లమీదికీ రాలేదు.

డిగ్రీ చేతికి వచ్చాక విద్యార్థి ఎదుర్కొనే అయోమయం మరింత తీవ్రమైనది, దీనిని కాస్త వివరంగా చెప్పుకోవాలి. మూడేళ్లో నాలుగేళ్లో చదివిన సైకాలజీ పట్టా ఎవరినీ చికిత్స చేయగల క్లినికల్ సైకాలజిస్టును చేయదు. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం కింద నమోదు కావాలి. అందుకు పీజీ తరువాత గుర్తింపు పొందిన సంస్థలో రెండేళ్ల ఎం.ఫిల్ శిక్షణ ఇన్నాళ్లూ ప్రధాన మార్గం. ఆ సీట్లు దేశమంతటికీ కలిపినా అతి స్వల్పం. 2022 నవంబరులో యూజీసీ నూతన నిబంధనలు ఎం.ఫిల్ పట్టాను సమూలంగా రద్దుచేశాయి. ఒక ఆరోగ్య వృత్తికి ప్రవేశద్వారమే ఆ పట్టా అన్న సంగతి నిబంధన రాసినవారికి స్ఫురించినట్లు లేదు. ఆందోళన వ్యక్తమయ్యాక, 2024 జనవరిలో క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎం.ఫిల్‌లకు మాత్రం 2025-26 దాకా గడువిచ్చారు. ఏళ్ల తరబడి శ్రమించి వృత్తిలోకి రాదలచిన యువతీయువకుల భవిష్యత్తును వాయిదాల మీద నడపడం పరిపాలన అనిపించుకోదు.

2021లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ అనుబంధ, ఆరోగ్యరక్షణ వృత్తుల కమిషన్ చట్టం మరో మార్గం చూపింది. క్లినికల్ సైకాలజిస్టులు మినహా ఇతర మనస్తత్వ నిపుణులను, ప్రవర్తనా విశ్లేషకులను, కౌన్సెలర్లను అది ప్రవర్తనా ఆరోగ్య శాస్త్రాల వృత్తులుగా గుర్తించి, ఆరు నెలల్లో ప్రతి రాష్ట్రం ఒక మండలిని ఏర్పాటు చేయాలని శాసించింది. ఆరు నెలలు కాదు, మూడేళ్లు గడిచాక 2024 ఆగస్టులో సర్వోన్నత న్యాయస్థానం జోక్యం చేసుకుని, రెండు నెలల్లో చట్టాన్ని అమలులోకి తేవాలని కేంద్రాన్ని, రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చింది. శాసనసభల్లో కూర్చున్నవారు శాసనాన్ని పాటించడానికి న్యాయస్థానం గడువు పెట్టవలసి రావడం గర్వించదగిన చరిత్ర కాదు.

ఈ శూన్యంలోకి ఎవరు ప్రవేశించారో చూడండి. వారాంతపు శిక్షణతో ధ్రువపత్రం అందుకుని, గోడమీద తగిలించి, దుకాణం తెరిచిన కౌన్సెలర్లు మన పట్టణాల్లో కనిపిస్తున్నారు. డిగ్రీలో చేరితే చాలు సైకాలజిస్టు అయిపోతారన్న ధ్వనితో ప్రకటనలిస్తున్న కళాశాలలూ ఉన్నాయి. కూతురి నిద్రలేమికో, కొడుకు ఆగ్రహానికో పరిష్కారం వెతికే తల్లిదండ్రులకు ఎదుట కూర్చున్న మనిషి అర్హత ఎంతో తెలుసుకునే సులువైన మార్గం లేదు. పట్టా ఏ పనికి అర్హతనిస్తుందో, ఏ పనికి ఇవ్వదో ప్రవేశ సమయంలోనే విద్యార్థికి రాతపూర్వకంగా తెలియజేయడం ప్రతి కళాశాల కనీస ధర్మం. దానిని తప్పనిసరి చేయడానికి ఖజానా నుంచి ఒక్క రూపాయి కూడా అక్కరలేదు. అయినా ఆ పని జరగలేదు.

క్లినిక్ ఒక్కటే ఈ శాస్త్రానికి గమ్యం కాదు. 2018-19 కేంద్ర ఆర్థిక సర్వే ప్రజల ప్రవర్తనను అర్థం చేసుకుని విధానాలను రూపొందించడంపై ఒక అధ్యాయాన్నే కేటాయించింది. అంతకు ముందునుంచే మన గ్రామాలు ప్రపంచ ప్రఖ్యాత పరిశోధనలకు వేదికలు. ఉపాధ్యాయులకు పనితీరును బట్టి ప్రోత్సాహకం ఇస్తే పిల్లల చదువు మెరుగుపడుతుందా అన్న ప్రశ్నకు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ సమాధానం వెతికింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని వందలాది ప్రభుత్వ పాఠశాలల్లో. ఉపాధి హామీ కూలి, పింఛన్లు స్మార్ట్ కార్డుల ద్వారా అందితే అవినీతి ఎంత తగ్గుతుందో తేల్చిన అధ్యయనం నూటయాభైకి పైగా మండలాల్లో, దాదాపు 1.9 కోట్ల జనాభా ఉన్న ప్రాంతంలో సాగింది. సూక్ష్మరుణాలపై అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో ప్రభృతుల అధ్యయనానికి హైదరాబాద్ బస్తీలే క్షేత్రం. ఇవి మన గురించిన జ్ఞానం. మన డిగ్రీ తరగతి గదుల్లో మాత్రం వీటి ప్రస్తావన దాదాపు శూన్యం. మన ఊళ్లో వేసిన ప్రశ్నకు వచ్చిన జవాబును అమెరికా పత్రికలో చదువుకోవలసిన స్థితిలో మన పిల్లలను ఉంచినవారు, ఈ జాతి మేధాశక్తికి ద్రోహం చేశారనడానికి మేము వెనుకాడం.

ఇదే సమయంలో ప్రవర్తనా శాస్త్రాన్ని క్షుణ్ణంగా వాడుకుంటున్నవారు లేకపోలేదు. మనిషిని చేతి ఫోన్‌లో ఎంతసేపు బందీగా ఉంచాలో, ఓడినవాడి చేత మళ్లీ పందెం ఎలా కాయించాలో జూదపు యాప్‌ల రూపకర్తలకు బాగా తెలుసు. అనిశ్చితంగా వచ్చే ప్రతిఫలం అలవాటును ఎంత గాఢంగా పాతుకుపోయేలా చేస్తుందో స్కిన్నర్ పావురాలపై చూపించాడు. ఆ సూత్రం మీదే ఈనాడు వ్యాపారం సాగుతున్నది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. నిషేధాల తరువాత కూడా అప్పుల ఊబిలో కూరుకుపోయిన యువకుల వార్తలు ఆగలేదు. దోచుకునేవారి దగ్గర శాస్త్రం ఉండి, కాపాడవలసినవారి దగ్గర జీవో మాత్రమే ఉంటే ఫలితం ఇలాగే ఉంటుంది.

మరో లోటు గురించి మౌనం వహించలేము. బాలల బుద్ధిని, ప్రవర్తనను కొలిచేందుకు మన దగ్గర నేటికీ వాడే పరీక్షల్లో కొన్ని ఎవరి కోసం తయారయ్యాయి? బినే పరీక్షను 1930లలో వి.వి. కామత్ కన్నడ, మరాఠీ పిల్లలకు అనువుగా మలిచారు. 1955 నాటి భాటియా పరీక్షల ప్రమాణాలు ఉత్తరప్రదేశ్ బాలుర నుంచి వచ్చినవి. శ్రీకాకుళం మత్స్యకార కుటుంబపు బాలికకో, ఆదిలాబాద్ గోండు బాలుడికో వాటితో వేసిన అంకె ఎంతవరకు న్యాయమైనది? ఆ అంకె మీదే వైకల్య ధ్రువపత్రం, దాని మీదే పింఛను ఆధారపడి ఉన్నప్పుడు ఇది పండితుల చర్చగా మిగలదు, పేదల హక్కుగా మారుతుంది. ప్రపంచంలోని మనోవిజ్ఞాన పరిశోధన అత్యధికంగా పాశ్చాత్య సంపన్న దేశాల కళాశాల విద్యార్థులపైనే జరిగిందని, దానిని మానవజాతి అంతటికీ వర్తింపజేయడం చెల్లదని జోసెఫ్ హెన్రిక్, ఆయన సహచరులు 2010లో హెచ్చరించారు. తెలుగు పిల్లలకు తెలుగు ప్రమాణాలు నిర్ణయించే కృషి విస్తారంగా సాగాలంటే వేలమంది పిల్లలను పరీక్షించాలి, అందుకు వందలమంది శిక్షితులైన డిగ్రీ విద్యార్థులు క్షేత్రంలో దిగాలి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి మేధో వైకల్యం ఉన్నవారి కోసం జాతీయ సంస్థ ఉంది. ఎర్రగడ్డలో, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. వీటికీ, డిగ్రీ కళాశాలలకూ మధ్య ఒక అవగాహన ఒప్పందం, ఒక ఇంటర్న్‌షిప్ క్రమం ఏర్పాటు చేయడానికి ఏ గ్రహబలం కావాలో ఉన్నత విద్యాశాఖే చెప్పాలి.

ఉన్నత విద్యాశాఖ వైద్య శాఖ వైపు, వైద్య శాఖ కేంద్ర కమిషన్ వైపు, కమిషన్ యూజీసీ వైపు వేలు చూపుతూ ఉంటే చివరికి నష్టపోయేది పద్దెనిమిదేళ్ల విద్యార్థి. బాధ్యత విభజితమైనంత మాత్రాన అపరాధం చిన్నదైపోదు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఎవరైనా ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు; ఆ సదుపాయాన్ని ప్రతి కుటుంబం గుర్తుంచుకోవాలని ఈ సందర్భంగా కోరుతున్నాము. అయితే ఆ ఫోన్ ఎత్తే గొంతు వెనుక ఒక చదువు, ఒక పర్యవేక్షణ, ఒక వృత్తిధర్మం ఉండాలి. వాటిని నిర్మించే పని కాల్ సెంటర్ చేయలేదు.

ప్రభుత్వాలకు చట్టబద్ధమైన గడువు ఒకటి ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్యరక్షణ చట్టం 2018 మే 29న అమలులోకి వచ్చింది. జనాభా ప్రాతిపదికన అంతర్జాతీయంగా ఆమోదించిన ప్రమాణాలకు తగిన సంఖ్యలో మానసిక ఆరోగ్య నిపుణులను సమకూర్చేందుకు పదేళ్లలోగా కృషి చేయాలని ఆ చట్టంలోని 31వ సెక్షన్ ప్రభుత్వాలను ఆదేశిస్తున్నది. ఆ పదేళ్లు 2028 మే నెలతో పూర్తవుతాయి. 2025లో నాలుగేళ్ల ఆనర్స్‌లో చేరిన విద్యార్థి పట్టా అందుకునేది 2029లో. అంటే గడువులోగా కావలసినవారిని తయారుచేసే కాలం ఇప్పటికే చేజారిపోయింది. రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ ఈ చట్టం కింద ఇంతవరకు ఏమి చేశాయో శాసనసభల ముందు శ్వేతపత్రం ఉంచాలి. ప్రతి జిల్లాలో కనీసం ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో ప్రయోగశాలతో, శాశ్వత అధ్యాపకులతో, తెలుగులోనూ బోధన జరిగే సైకాలజీ శాఖను వచ్చే ప్రవేశాల ప్రకటన వెలువడే నాటికే మంజూరు చేయాలి. అది జరిగేదాకా తమ శాసనసభ్యుణ్ణి, తమ విశ్వవిద్యాలయ ఉపకులపతిని నిలదీయవలసిందిగా ఈ పత్రిక పాఠకులను అర్థిస్తున్నది.